యాక్సిడెంట్‌లో తప్పు ఎవరిదో తేలాలంటే ఏం చేయాలి? రోడ్డు మీద మొదటి గంట నుంచి క్లెయిమ్ దాకా

"అన్నా, మా తమ్ముని బైకును డీసీఎం వ్యాను గుద్దింది. వాడిది పెద్ద బండి గదా, కేసు మాదే గెలుస్తది గదా?" అని ఒకరు. "బైకోడు సందులకెళ్లి సక్కగ నా కారు కిందికి వచ్చిండు. ఊరోళ్లంతా పెద్ద బండోనిదే తప్పని నన్ను పట్టుకున్నరు, ఏం జేయాలె?" అని ఇంకొకరు. హన్మకొండ అదాలత్ కాడ క్లెయిమ్ ఫైళ్లు చూసే పనిలో ఉన్నాను కాబట్టి పరకాల నుంచి, నర్సంపేట నుంచి, హుజూరాబాద్ దాకా తెలిసినవాళ్లు ఈ రెండు ప్రశ్నలే తిప్పి తిప్పి అడుగుతుంటారు. అందరికీ ఒకేసారి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

చట్టం బండి సైజు చూడదు. ఎవరు ఏ వైపు నుంచి, ఎలా వచ్చారన్నదే చూస్తుంది. ఆ సంగతి చెప్పే ఆధారాలు చాలావరకు మొదటి రోజే దొరుకుతాయి, మొదటి రోజే పోతాయి కూడా.

ముందు తెలిసి ఉండాల్సింది

ఒక్క యాక్సిడెంట్‌కు రెండు దారులుంటాయి. ఒకటి పోలీసు కేసు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు 281, గాయాలకు 125, ప్రాణం పోతే 106(1) సెక్షన్లు పెడతారు. 106(1)లో శిక్ష ఐదేళ్ల దాకా ఉంటుంది. గుద్ది పారిపోయిన డ్రైవర్‌కు పదేళ్ల శిక్ష అన్న 106(2) మీదే 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు, బంకుల ముందు బారులు కట్టాల్సి వచ్చింది. మిగతా చట్టంతో పాటు దాన్ని అమల్లోకి తేలేదు. "పారిపోతే పదేళ్లు" అని ఎవరైనా బెదిరిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

రెండో దారి నష్టపరిహారం. అది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నడుస్తుంది, జిల్లా కోర్టే ఆ పని చూస్తుంది. క్రిమినల్ కేసులో అనుమానానికి తావులేకుండా రుజువు కావాలి. ట్రిబ్యునల్‌లో ఏది ఎక్కువ నమ్మదగ్గదో తేలితే చాలు. అందుకే క్రిమినల్ కేసు కొట్టేసినంత మాత్రాన క్లెయిమ్ పోదు.

తప్పును పంచి లెక్కగట్టొచ్చని కూడా తెలుసుకోండి. 2017లో కోయంబత్తూరులో హైవే మీద ఒక కారు డ్రైవర్ సిగ్నల్ ఇవ్వకుండా ఠక్కున బ్రేకేశాడు. వెనక బైక్ మీద వస్తున్న కుర్రాడు కారును గుద్ది పడ్డాడు, వెనకొచ్చిన బస్సు అతని కాలు మీదుగా వెళ్లింది. గర్భవతి అయిన భార్యకు వాంతి వచ్చినట్టయిందని ఆపానన్నాడు కారాయన. సుప్రీంకోర్టు ఆ కారణం ఒప్పుకోలేదు. 2025 జూలైలో కారుకు 50 శాతం, బస్సుకు 30, దూరం పాటించనందుకు, లైసెన్స్ లేనందుకు కుర్రాడికి 20 శాతం తప్పు కట్టింది. "వెనక నుంచి గుద్దినోనిదే తప్పు" అనే రోడ్డు మీది మాటకు, కోర్టు లెక్కకు మధ్య దూరం ఎంతో చూడండి.

దగ్గర ఉండాల్సినవి

- చార్జింగ్ ఉన్న ఫోన్, అందులో లొకేషన్, తేదీ, టైమ్ సరిగ్గా పడేలా సెట్టింగు
- బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్ ఫొటోలు. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి
- 108, 112 నంబర్లు అందరికీ తెలుసు. హైవే మీదైతే 1033 కూడా
- ఇంట్లో ఒకరికి మీ పాలసీ నంబర్ తెలిసి ఉండటం. స్పృహ లేనిది మీకే అయితే కాగితాలు వెతికేది వాళ్లే
- వీలైతే డ్యాష్ కెమెరా. వరంగల్–కరీంనగర్ రోడ్డు మీద, ములుగు రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లు పెట్టించుకోవడం మంచిది

1. ముందు మనిషిని చూడండి

108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్లను మెడ పట్టి లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. బండికి మంట ప్రమాదమో, రోడ్డు మధ్యలో ఇంకో బండి వచ్చి గుద్దే ప్రమాదమో ఉంటేనే జరపండి.

అటుగా వెళ్తూ సాయం చేసేవాళ్లకు కేసు భయం అక్కర్లేదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో వచ్చిన 134ఏ సెక్షన్ వాళ్లకు రక్షణ. పేరు చెప్పమని, సాక్ష్యానికి రమ్మని బలవంతం చేయకూడదు.

డబ్బుల కోసం ఆస్పత్రి గుమ్మంలో ఆగొద్దు. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో ఒక్కో బాధితుడికి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు చికిత్స ఉంది. తప్పు ఎవరిదన్న ప్రశ్న దానికి లేదు. ఆస్పత్రిలో ఆ పేరు చెప్పి అడగండి.

2. బండ్లు జరపకముందే ఫొటోలు తీయండి

నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ లోటు ఇక్కడే. ఉన్న ఫొటోలన్నీ రక్తంతో ఉన్న మనిషివీ, నుజ్జయిన బంపర్‌వీ. రోడ్డు ఉండదు. బండి రోడ్డుకు ఏ పక్కన ఉందో తెలియని ఫొటో తప్పు తేల్చడానికి పనికిరాదు.

దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రండి:

- రెండు వైపుల నుంచి, ముప్పై నలభై అడుగుల దూరంలో నిలబడి రోడ్డు మొత్తం కనిపించేలా ఒక్కోటి. డివైడర్, మధ్య గీత, రోడ్డు అంచు పడాలి
- కదలని గుర్తు ఒకటి ఫ్రేములో ఉండాలి: కరెంటు స్తంభం, కిలోమీటరు రాయి, పెట్రోల్ బంకు బోర్డు, బస్టాప్. రేపు ఆ జాగను మళ్లీ కొలవడానికి అదే ఆధారం
- టైర్లు రాసుకున్న నల్ల గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో. బ్రేకు వేశాడా లేదా అన్నది అవే చెబుతాయి
- పగిలిన అద్దాలు, ఊడిన మట్టి, కారిన ఆయిల్ పడిన చోటు. గుద్దిన తర్వాత బండ్లు జారిపోయినా, ఈ ముక్కలు ఎక్కువగా గుద్దిన చోటి చుట్టుపక్కలే రాలతాయి
- రెండు బండ్లకూ దెబ్బ తగిలిన చోటు దగ్గరి నుంచి, నంబర్ ప్లేట్లు, లారీ అయితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ కాగితాలు
- వీధి లైట్లు వెలుగుతున్నాయా, సందు దగ్గర చెట్టు కొమ్మలో ఫ్లెక్సీలో అడ్డంగా ఉన్నాయా

ఫొటోల తర్వాత ఒక వీడియో తీయండి. ఆపకుండా, ఒక బండి దగ్గర మొదలుపెట్టి రెండోదాని దాకా నడుస్తూ. అందులో మీరు "తప్పు వాడిదే" అంటూ వాదించకండి. తేదీ, టైమ్, జాగ పేరు చెప్పి ఊరుకోండి.

రాత్రి యాక్సిడెంట్ అయితే ఇంకో జాగ్రత్త. పత్తి, వడ్ల కాలంలో ఎనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాలీలు, టైరు పంక్చరై రోడ్డు మీదే ఆగిన లారీలు ఎన్ని ప్రాణాలు తీసుకుంటున్నాయో మన దగ్గర అందరికీ తెలుసు. ఆగి ఉన్న బండిని గుద్దితే గుద్దినవాడిదే తప్పని చాలామంది వదిలేసుకుంటారు. ప్రమాదకరంగా బండి నిలపడం మోటారు వాహనాల చట్టం 122 సెక్షన్ కింద తప్పే, బాటకు అడ్డం పెట్టడం న్యాయ సంహిత 285 కింద నేరమే. అందుకని ఆ ట్రాలీ వెనక భాగాన్ని ఫ్లాష్ లేకుండా ఒకసారి, ఫ్లాష్‌తో ఒకసారి తీయండి. రేడియం స్టిక్కర్ ఉందో లేదో ఫ్లాష్ ఫొటోలో తెలుస్తుంది. పార్కింగ్ లైటు వెలుగుతుందా, వెనక రాళ్లో కొమ్మలో హెచ్చరికగా పెట్టారా కూడా రావాలి. తెల్లారేసరికి స్టిక్కర్లు అంటించిన ట్రాలీలుంటాయి.

మీరే గాయపడి ఫొటోలు తీయలేకపోతే, ఫోన్‌లో తీస్తున్న ఎవరినైనా ఆపి మీ నంబర్‌కు పంపమనండి. అది కూడా కాకపోతే ఇంటివాళ్లు అదే రోజు వెళ్లి రోడ్డునైనా తీయాలి. టైరు గుర్తులు, అద్దం ముక్కలు ఒక పూట ఉంటాయి.

3. సాక్షి పేరు, ఫోన్ నంబర్ తీసుకోండి

గుంపులో గట్టిగా మాట్లాడేవాళ్లు సాధారణంగా తర్వాత వచ్చినవాళ్లే. గుద్దుడు కళ్లతో చూసినవాళ్లు పక్క టీ కొట్టులోనో, పంక్చర్ షాపులోనో, ఆగిన ఆటోలోనో ఉంటారు. వాళ్లను "మీరు చూసినప్పుడు ఏ బండి ఎటు పోతుంది?" అని మాత్రం అడగండి. "లారోడు స్పీడుగ వచ్చిండు గదా?" అని మాట నోట్లో పెట్టకండి, రేపు కోర్టులో అది తేలిపోతుంది. బంధువులు తప్ప ఇంకెవరూ సాక్షులు లేని ఫైలు బలహీనంగానే ఉంటుంది.

4. గుంపు కూడితే

మీరు డ్రైవర్ అయితే చట్టం మీ మీద పెట్టిన పనులు మూడు: గాయపడ్డవాళ్లకు వైద్యం అందేలా చూడటం, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పడం, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలపడం. ఇది మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్. గుంపు కొట్టేలా ఉంటే అక్కడే నిలబడి దెబ్బలు తినమని ఆ సెక్షన్ అనదు, ఆ మినహాయింపు అందులోనే ఉంది. అయితే అక్కడి నుంచి వెళ్లడమంటే నేరుగా దగ్గరి ఠాణాకు వెళ్లడమని అర్థం. దారిలోనే 108కి, 112కి ఫోన్ చేయండి. మీరు చేసిన కాల్ రికార్డే మీరు పారిపోలేదనడానికి మొదటి సాక్ష్యం. ఇంటికి పోయి మర్నాడు లాయర్‌తో వస్తే ఆ మినహాయింపు అడగడం కష్టం.

మీరు గాయపడ్డవారి తరఫు అయితే డ్రైవర్ మీద చేయి పడకుండా ఆపండి. న్యాయంగా మీదైన కేసులోకి ఎదురు కేసు రావడానికి అదొక్కటి చాలు. బండి తాళాలు గుంజుకోవడం, ఫోన్ లాక్కోవడం కూడా అంతే.

రోడ్డు మీద, తర్వాత ఊళ్లో పెద్దమనుషుల ముందు జరిగే పంచాయితీ సంగతి. "పది వేలు తీసుకోండి, కేసు వద్దు" అన్న మాటకు ఆ పూట తలూపకండి. తలకు తగిలిన దెబ్బ, లోపలి గాయం రెండు మూడు రోజులకు బయటపడతాయి. స్కానింగ్ అయ్యేదాకా తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. మందులకు డబ్బు ఇస్తానంటే ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో తీసుకుని "చికిత్స ఖర్చుకు" అని మెసేజ్ పెట్టండి. రాజీ అయిందని రాయకండి.

5. ఆస్పత్రిలో మొదటి మాట సరిగ్గా చెప్పండి

వరంగల్ ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంకి తీసుకెళ్లినా, ప్రైవేటుకు తీసుకెళ్లినా, క్యాజువాలిటీలో డాక్టర్ "ఎలా జరిగింది?" అని అడుగుతాడు. మీరు చెప్పింది ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రిజిస్టర్‌లో పడుతుంది. ఆ ఒక్క వాక్యం చుట్టూ ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ ఏళ్ల తరబడి వాదిస్తాడు.

పోలీసులు, తిరుగుడు ఎందుకని "బైక్ స్కిడ్ అయి పడ్డడు" అని చెప్పే కుటుంబాలు చాలా ఉన్నాయి. వారం తర్వాత ఆపరేషన్ ఖర్చు చూసి, కారు గుద్దిందని ఫిర్యాదు ఇస్తారు. నిజంగా కారే గుద్దినా ఆ కేసు నిలబెట్టడం చాలా కష్టం. అందుకని గుద్దింది ఏ బండి, నంబర్ తెలిస్తే నంబర్, ఎక్కడ, ఎన్నింటికి: ఈ నాలుగూ చెప్పండి. నంబర్ తెలియకపోతే "నంబర్ తెలియని లారీ" అని రాయించండి. రాసింది చదివి వినిపించమనండి. తీసుకొచ్చినవాళ్ల పేరు కూడా అందులో ఉంటుంది, అది నిజమైన పేరే కావాలి.

దీనికి ఎదురు తప్పు ఇంకా పెద్దది. నిజంగానే తనంతట తాను జారి పడితే, ఇన్సూరెన్స్ ఉన్న వేరే బండి నంబర్‌ను తెచ్చి పెట్టడం. దాన్ని దందాగా నడిపించే బ్రోకర్లు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటారు. దొరికితే డబ్బు రాకపోగా మోసం కేసు మీ మీద పడుతుంది, నిజంగా దెబ్బతిన్న వాళ్ల క్లెయిములను కూడా అనుమానంగా చూడటం అలవాటవుతుంది. స్వయంగా పడిన ఓనర్ డ్రైవర్‌కు దారి వేరే ఉంది: పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్. కాగితం తీసి ఆ వరుస కోసం వెతకండి.

6. ఫిర్యాదు: ఎక్కడ, ఎలా

యాక్సిడెంట్ ఏ స్టేషన్ హద్దులో జరిగిందో ఆ స్టేషన్‌లో ఇవ్వాలి. కాజీపేట, మడికొండ, సుబేదారి, హన్మకొండ, కేయూసీ, మట్టెవాడ, మిల్స్ కాలనీ ఇలా పక్కపక్కనే హద్దులు మారుతుంటాయి, చౌరస్తాకు ఇవతల ఒకటి, అవతల ఇంకొకటి. హద్దు తెలియకపోతే తిరగకండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాల్సిందే. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితం.

ఫిర్యాదు రాసేటప్పుడు "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న మాటతో సరిపెట్టుకుంటారు. ప్రతి ఫిర్యాదులో ఉండే మాట అది, దానితో ఏమీ తేలదు. డ్రైవర్ చేసిన పని రాయండి. ఇలా:

"ఫలానా తేదీన సాయంత్రం సుమారు 6.40 గంటలకు మా తమ్ముడు తన మోటార్ సైకిల్ మీద హసన్‌పర్తి నుంచి హన్మకొండ వైపు రోడ్డుకు ఎడమ పక్కన వస్తున్నాడు. ఎదురుగా వచ్చిన డీసీఎం వ్యాను డ్రైవర్ తన ముందున్న ఆటోను దాటబోయి, మధ్య గీత దాటి, మా తమ్ముడు వస్తున్న వైపుకు వచ్చి గుద్దాడు. పెట్రోల్ బంకు ఎదురుగా జరిగింది. పక్క షాపులో ఉన్న ఫలానా వ్యక్తి చూశాడు. నేను ఆ సమయంలో అక్కడ లేను, ఆయన చెప్పగా తెలిసింది."

ఆఖరి వాక్యాన్ని వదిలేయకండి. చూడని అన్నను చూసినట్టు రాయిస్తే, అదే సమయానికి అతను డ్యూటీలో ఉన్నాడని తేలిన రోజున మిగతా నిజమంతా కొట్టుకుపోతుంది.

ఫిర్యాదు ఆలస్యమైతే కారణం అందులోనే రాయండి: ఐసీయూలో ఉన్నాం, తేదీ ఇంత నుంచి ఇంత వరకు అని.

స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును కమిషనరేట్‌లోనైతే పోలీస్ కమిషనర్ పేరున, మిగతా జిల్లాల్లో ఎస్పీ పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. రసీదు దాచండి. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లే హక్కు అదే 173(4)లో ఉంది.

7. సీసీ కెమెరా ఫుటేజీ

చాలా షాపుల్లో రికార్డింగు కొన్ని రోజులకే పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. కాబట్టి అదే రోజు, కనీసం మర్నాడు, ఆ రోడ్డు వెంట నడిచి ఎక్కడెక్కడ కెమెరాలున్నాయో రాసుకోండి. గుద్దిన చోటు కెమెరాలో లేకున్నా, అంతకుముందు రెండు వందల మీటర్ల దూరంలో ఆ బండి ఎలా పోతుందో కనిపించినా పనికొస్తుంది.

షాపు యజమాని ఇవ్వడానికి భయపడితే గొడవ పెట్టుకోకండి. "ఫలానా షాపు, ఫలానా బంకు కెమెరాల ఫుటేజీని భద్రపరచగలరు" అని స్టేషన్‌కు ఒక కాగితం ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. చౌరస్తాల్లో పోలీసులవే కెమెరాలుంటాయి, వాటిని కూడా అందులో రాయండి. మీ చేతికి వీడియో వస్తే వాట్సాప్‌లో తిప్పి తిప్పి పంపకుండా అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది లేక పక్కన పడిపోయిన వీడియోలున్నాయి.

8. దర్యాప్తు వెంట ఉండండి

పోలీసులు స్పాట్‌కు వచ్చి పంచనామా రాసి, రోడ్డు స్కెచ్ గీస్తారు. ఆ స్కెచ్‌లో గుద్దిన చోటు రోడ్డుకు ఏ పక్కన ఉందన్నది మీ కేసుకు ప్రాణం. వీలైతే ఇంటివాళ్లు ఒకరు అక్కడ ఉండండి, మీ ఫొటోలు చూపించండి. తర్వాత ఎంవీఐ (మోటారు వాహన ఇన్‌స్పెక్టర్) వచ్చి బండి చూసి, బ్రేకులు పనిచేస్తున్నాయా, యాక్సిడెంట్ యంత్ర లోపం వల్లనా కాదా అని రిపోర్టు ఇస్తాడు. అది అయ్యేదాకా బండిని మెకానిక్ షెడ్డుకు పంపొద్దు.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలి. 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో ఫిర్యాదుదారుకు చెప్పాలని నాగరిక్ సురక్షా సంహిత 193 కూడా అంటుంది. ఇవన్నీ ఉన్నాయని తెలిసి అడిగేవాళ్లు తక్కువ. అడగండి, కాగితం మీద అడగండి.

పోలీసులు రాసినదాంట్లో తప్పు మీ మీదికే తోశారనిపిస్తే స్టేషన్‌లో అరిచి లాభం లేదు. ఎక్కడ తప్పు రాశారో, దానికి మీ దగ్గరున్న ఫొటో ఏదో వివరంగా రాసి ఏసీపీకి ఇవ్వండి. ట్రిబ్యునల్ చార్జిషీట్‌ను చూస్తుంది కానీ దానికి కట్టుబడి ఉండదు. మీ ఆధారం అక్కడా చూపించొచ్చు.

చలాన్ వేరు, తప్పు వేరు

హెల్మెట్ లేదు, ముగ్గురు ఎక్కారు, లైసెన్స్ లేదు, కాబట్టి తప్పు వాళ్లదే అని డ్రైవర్ తరఫున మొదటి రోజే అంటారు. ఇవి చట్ట ఉల్లంఘనలే, జరిమానా తప్పదు. అయినా యాక్సిడెంట్‌కు కారణం అవే అయ్యాయా అన్నది వేరే ప్రశ్న. లైసెన్స్ లేనంత మాత్రాన నిర్లక్ష్యం కట్టలేమని 2008లో, ముగ్గురు ఎక్కినంత మాత్రాన అది యాక్సిడెంట్‌కు కారణమని అనలేమని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కోయంబత్తూరు కుర్రాడికి 20 శాతం కట్టినప్పుడు కూడా లైసెన్స్ లేకపోవడం ఒక్కటే చూడలేదు, దూరం పాటించకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు.

మైనర్‌కు బండి ఇచ్చిన ఇంటివాళ్లకు మాత్రం ఇందులో ఊరట వెతకొద్దు. మోటారు వాహనాల చట్టం 199ఏ కింద తండ్రికో ఓనర్‌కో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు.

పోలీసుల మీద జనం కోపం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. హెల్మెట్ లేని బైకుకు చౌరస్తాలో ఫొటో కొట్టడం తేలిక. రాంగ్ రూట్లో వచ్చే డీసీఎంను, రాత్రి లైటు లేని ట్రాలీని ఆపడం కష్టం. ప్రాణాలు పోతున్నది రెండోదాంట్లో కాబట్టి, ఆ కష్టమైన పనే ముందు జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. మీ రోడ్డు మీద అలాంటి చోటు ఉంటే ఫొటోతో సహా ట్రాఫిక్ స్టేషన్‌కు రాసివ్వండి. తర్వాత అక్కడే ఇంకొకరు పడితే, ముందే చెప్పిన కాగితం ఒకటి ఉంటుంది.

9. క్లెయిమ్

యాక్సిడెంట్ అయిన ఆరు నెలల్లోపు వేయాలన్నది చట్టంలో ఉన్న గడువు, అందులోపే వేయండి. జరిగిన చోటే వేయనక్కర్లేదు, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లో కూడా వేయొచ్చు. మహారాష్ట్రలో లారీ గుద్దినా హన్మకొండలో ఉండేవాళ్లు హన్మకొండలో వేసుకోవచ్చు.

కావాల్సినవి: ఎఫ్‌ఐఆర్, చార్జిషీట్, పంచనామా, ఎంవీఐ రిపోర్టు, గాయాల సర్టిఫికెట్ లేదా పోస్ట్‌మార్టం రిపోర్టు, ఆస్పత్రి బిల్లులు, ఆదాయం కాగితాలు, వయసు రుజువు. వయసుకు ఆధార్ మీద ఆధారపడకండి. 2024లో సుప్రీంకోర్టు ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని, స్కూల్ సర్టిఫికెట్‌నే తీసుకుంది. టెన్త్ మెమోనో, టీసీనో వెతకండి. ప్రాణం పోయిన కేసులో వార్షిక ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలన్నది వయసును బట్టి ఉంటుంది: 25 ఏళ్లకు 18, 41 ఏళ్లకు 14. రెండు మూడేళ్ల తేడా లక్షల్లో తేలుతుంది.

తప్పు నిరూపించే ఆధారమే లేకపోతే మోటారు వాహనాల చట్టం 164 సెక్షన్ ఉంది. అందులో ఎవరిది తప్పన్నది అడగరు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. కానీ అది తీసుకుంటే, తప్పు నిరూపించి 166 సెక్షన్ కింద అడిగే పెద్ద క్లెయిమ్ పోతుంది, కాబట్టి తొందరపడొద్దు. గుద్దిన బండి ఏదో అసలు తేలకపోతే హిట్ అండ్ రన్ పథకం: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు, దరఖాస్తు రెవెన్యూ అధికారికి.

లాయర్ "వచ్చినదాంట్లో ఇంత శాతం" అంటే ఒప్పుకోకండి, బార్ కౌన్సిల్ రూల్స్ దాన్ని ఒప్పవు. ఫీజు ఎంతో ముందే రాసుకోండి. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, ఆదాయం తక్కువున్నవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్‌ను అడగొచ్చు.

ఫైలు సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి

వారం లోపు కాగితాలన్నీ పక్కపక్కన పెట్టండి.

- ఎంఎల్‌సీ, ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్: మూడింటిలో టైము, జాగ, బండి నంబర్ ఒకటేనా? ఒక్క అంకె తేడా ఉన్నా వెంటనే సవరణకు రాసివ్వండి
- బండి నంబర్‌ను పరివాహన్ సైట్‌లో కొట్టి చూడండి. ఫిర్యాదులో లారీ అని ఉండి, నంబర్ ఏదో స్కూటర్‌ది అయితే రాసేటప్పుడే తప్పు పడింది
- గుద్దిన రోజుకు ఆ బండి ఇన్సూరెన్స్ అమల్లో ఉందా? లేకపోతే ఓనర్ పేరు, ఆస్తి వివరాలు ముఖ్యమవుతాయి
- మీ ఫొటోల్లో ఒకటి తీసి, ఆ రోడ్డు తెలియని మనిషికి చూపించండి. ఏ బండి ఎటు నుంచి వచ్చిందో అతను చెప్పగలిగితే ఫొటో పనికొస్తుంది. చెప్పలేకపోతే పగటి వెలుగులో అదే జాగలో, అదే స్తంభం పడేలా మళ్లీ తీయండి
- స్టేషన్‌కు ఇచ్చిన ప్రతి కాగితం మీద ముద్ర, తేదీ ఉన్న కాపీ మీ దగ్గర ఉందా?
- లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే వెళ్లేముందు ఆస్పత్రి బిల్లులు, ఇంకా చేయాల్సిన ఆపరేషన్ ఖర్చు, పోయిన జీతం కలిపి ఒక కాగితం మీద లెక్క రాసుకోండి. అక్కడ అయిన అవార్డుకు అప్పీలు లేదు, సంతకం పెట్టేముందే ఆ లెక్కతో పోల్చుకోవాలి